పాపం, ‘జ్ఞా’ ఏం చేసింది?

ఫోన్‌కి అప్‌డేట్ వచ్చిందంటే కింద చిన్న అక్షరాల్లో ఓ లైను ఉంటుంది. ‘బగ్ ఫిక్సులు, పెర్ఫార్మెన్స్ మెరుగుదలలు, సెక్యూరిటీ అప్‌డేట్లు’. కంపెనీలు మారినా, వెర్షన్లు మారినా ఈ లైను మాత్రం మారదు. హోటల్ బోర్డు మీద ‘నేటి స్పెషల్’ అని రాసి కింద ఖాళీ వదిలేసినట్టు ఉంటుంది నాకైతే. ఏం బాగుచేశారు? అంతకుముందు ఎవరికి ఇబ్బంది అయింది? వేసుకోకపోతే ఏమవుతుంది? ఏదీ చెప్పదు. మనం కూడా ‘తర్వాత చూద్దాం’ నొక్కేసి రీల్స్‌లోకి వెళ్లిపోతాం.

ఇలాంటి లైన్లు రాసేవాళ్ల మధ్యే నా ఉద్యోగం. అందుకని కొంచెం లోపలి సంగతి తెలుసు. ఆ లైను వెనక కొన్నిసార్లు ఉత్త బద్ధకం ఉంటుంది. కొన్నిసార్లు, వివరంగా చెబితే తాళంచెవి ఎక్కడ పెట్టామో దొంగకి చెప్పినట్టవుతుందన్న జాగ్రత్త ఉంటుంది. ఇంకొన్నిసార్లు అసలు చెప్పడమే ఇష్టం ఉండదు. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. అదే చిక్కు.

ఈ వారం ఆ లైను మూత తీసి చూద్దాం. అందుకు నేను ఎంచుకున్నది ఐఫోన్లలో వచ్చిన ఐఓఎస్ 11. 2017 సెప్టెంబరు 19న వచ్చింది, దాదాపు ఏడాది రాజ్యం చేసింది. ‘పాత చింతకాయ పచ్చడి, పైగా మా దగ్గరున్నది ఆండ్రాయిడ్’ అంటారేమో. నిజమే, ఆండ్రాయిడ్ దగ్గరికీ వస్తాను. కానీ పెర్ఫార్మెన్స్, సెక్యూరిటీ, బగ్గులు, మూడు కథలూ ఒకే ఏడాదిలో ఇంత బహిరంగంగా జరిగిన సందర్భం ఇంకోటి నాకు గుర్తురాదు. పైగా ఆ ఏడాది మన అక్షరం ఒకటి ప్రపంచం ముందు దోషిగా నిలబడింది.

మొదటి కొన్ని నెలలు నవ్వుకోవడానికి పనికొస్తాయి. కీబోర్డులో ఇంగ్లిష్ ‘ఐ’ ఒక్కటి కొడితే ఆటోకరెక్ట్ దాన్ని పీకేసి ‘ఏ’ పెట్టేది, పక్కన డబ్బాలో ఒక ప్రశ్నార్థకం. ఇంగ్లిష్‌లో ‘నేను’ అనాలంటే ఆ ఒక్క అక్షరమే దిక్కు కదా. ‘నేను’ అని రాసుకోలేని ఫోన్లతో జనం కొన్నాళ్లు తిరిగారు. నవంబరు 9న 11.1.1 వచ్చి సర్దింది. అదే రోజుల్లో కాలిక్యులేటర్ వేషం ఇంకోటి. 1+2+3 అని గబగబా కొడితే జవాబు 24. ఫోన్‌కి లెక్కలు రాక కాదు. బటన్ నొక్కినప్పుడు మెరిసే ఆ చిన్న యానిమేషన్ ఉంటుంది చూడండి, అది పూర్తయ్యేలోపు నొక్కిన రెండో ప్లస్‌ని ఫోన్ పట్టించుకోలేదు. మిగిలింది 1+23. పెర్ఫార్మెన్స్ సమస్య అంటే ఫోన్ నత్తనడక నడవడమే అనుకుంటాం. ఇక్కడ ఆ నెమ్మదితనం ఏకంగా తప్పు జవాబైపోయింది, అదీ అందం కోసం పెట్టిన మెరుపు వల్ల.

డిసెంబరు 2న అర్ధరాత్రి దాటి 12.15 అయ్యేసరికి, రోజూ ఏదో ఒకటి గుర్తుచేసే యాప్‌లు ఉన్న ఐఫోన్లు స్క్రీన్ నల్లబడి, మళ్లీ వెలిగి, మళ్లీ నల్లబడి... ఇలా కొట్టుకున్నాయి. తేదీ లెక్కలో దొర్లిన తప్పు. శనివారం అని కూడా చూడకుండా ఆపిల్ 11.2ను ఆ రోజే జనం మీదికి వదిలింది.

ఇవన్నీ ఒక ఎత్తు. అదే నెలలో బయటపడిన బ్యాటరీ వ్యవహారం ఇంకో ఎత్తు.

ఫోన్ పాతబడితే కంపెనీయే కావాలని నెమ్మది చేస్తుందని మన చాయ్ బండి దగ్గర కూడా ఒక వాదన ఉండేది. ‘కొత్తది కొనిపించడానికి రా’ అనేవాళ్లు. ఆధారం మాత్రం ఎవరి దగ్గరా లేదు. 2017 డిసెంబరు 18న గీక్‌బెంచ్ అనే స్పీడ్ టెస్టింగ్ యాప్ తయారుచేసే జాన్ పూల్ కొన్ని గ్రాఫులు పెట్టాడు. ఐఫోన్ 6ఎస్, ఐఫోన్ 7 స్కోర్లు అవి. ఒకే మోడల్ ఫోన్లకు ఒకే స్కోరు చుట్టూ ఒక గుట్ట రావాలి. కొన్ని ఐఓఎస్ వెర్షన్ల తర్వాత అలా రాలేదు. అసలు గుట్టతో పాటు, తక్కువ స్కోర్ల దగ్గర విడిగా చిన్న చిన్న గుట్టలు. ఫోన్ మామూలుగా అరిగితే అలా మెట్లు మెట్లుగా పడదు. ఎవరో లోపల కూర్చుని గేరు తగ్గించారన్నమాట. రెండు రోజుల్లో ఆపిల్ ఒప్పుకుంది.

చేసినదాంట్లో ఇంజినీరింగ్ తప్పేమీ లేదు, ఇది నిజాయితీగా చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ దానిలోపలి నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజీ ధబాలున పడిపోతుంది. అప్పుడు ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి టక్కున ఆఫ్ అయిపోతుంది, బ్యాటరీ 30 శాతం చూపిస్తున్నా సరే. ఐఫోన్ 6, 6ఎస్‌లలో ఈ బాధ ఉండేది. దానికి విరుగుడుగా ప్రాసెసర్ పీక్ వేగానికి కళ్లెం వేశారు. మధ్యలో చచ్చిపోయే ఫోన్ కన్నా కొంచెం మెల్లగా నడిచే ఫోన్ నయం. ఏ ఇంజినీరైనా ఇదే చేస్తాడు.

కానీ చెప్పారా? ఆ కళ్లెం వేసింది 2017 జనవరిలో వచ్చిన 10.2.1లో. విడుదల రోజున దాని నోట్‌లో ఉన్నది మన పాత మిత్రుడే: బగ్ ఫిక్సులున్నాయి, సెక్యూరిటీ మెరుగుపడింది. పవర్ మేనేజ్‌మెంట్ అన్న మాట ఆ తర్వాత చేర్చారు, అదీ ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా చూస్తుందన్న మేరకే. వేగం తగ్గుతుందన్న ముక్క అందులో ఎక్కడా లేదు. అది తెలియక ఎంతమంది బ్యాటరీ మార్చుకుంటే సరిపోయేదానికి కొత్త ఫోన్ కొని ఉంటారు? డిసెంబరు 28న ఆపిల్ క్షమాపణ చెప్పింది. అమెరికాలో వారంటీ దాటిన ఫోన్లకి బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2018 మార్చి 29న వచ్చిన 11.3లో ‘బ్యాటరీ హెల్త్’ అనే పేజీ పెట్టి, కళ్లెం తీసేసుకునే వీలు కూడా ఇచ్చింది. 2020లో ఫ్రాన్స్ ప్రభుత్వం 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ జరిమానా ఫోన్లని నెమ్మది చేసినందుకు కాదు, ఆ సంగతి కొన్నవాళ్లకి చెప్పనందుకు. నా లెక్కలో మొత్తం కేసంతా ఆ తేడాలోనే ఉంది.

2018 జనవరి మొదటివారంలో ఇంకో పిడుగు. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని రెండు లోపాలు బయటపెట్టారు పరిశోధకులు. ఇవి ఫోన్లవే కాదు, కంప్యూటర్ల ప్రాసెసర్లవి కూడా. టిఫిన్ సెంటర్‌లో రోజూ వచ్చే మనిషి గుమ్మంలో కనపడగానే మాస్టారు దోసె పోసేస్తాడు చూడండి, ప్రాసెసర్లు కూడా అంతే. అడగకముందే ఊహించి పని చేసి పెట్టుకుంటాయి. ఊహ తప్పితే ఆ దోసె పారేస్తాయి. పారేసిన దోసెల్ని చూసి పక్క టేబుల్ వాడు ఏం తింటాడో పసిగట్టొచ్చని ఈ పరిశోధకులు చూపించారు. జనవరి 8న ఐఓఎస్ 11.2.2 సఫారీ బ్రౌజర్‌కి రక్షణ తెచ్చింది. దానివల్ల ఒక టెస్టులో వేగం 2.5 శాతం లోపు తగ్గొచ్చని ఆపిల్ చెప్పింది. గమనించారా, సెక్యూరిటీ కోసం పెర్ఫార్మెన్స్‌లో కొంచెం కోసుకున్నారు. ఒకే లైనులో చెట్టాపట్టాలేసుకుని కనిపించే ఆ రెండూ లోపల ఒకదాని ప్లేటు ఇంకోటి లాక్కుంటూ ఉంటాయి.

ఇక మన అక్షరం దగ్గరికి వద్దాం.

2018 ఫిబ్రవరి 15 ప్రాంతం. ఇటలీకి చెందిన ఒక టెక్ సైట్ వార్త రాసింది: తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లని పడగొడుతోంది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలో జ్ఞా, జ్ఞాపకంలో జ్ఞా. (భయపడకండి, ఇక్కడ రాసిన జ్ఞాతో మీ ఫోన్‌కి ఏమీ కాదు. ఎందుకో చెబుతా.) అది మెసేజ్‌గా వస్తే ఆ మెసేజింగ్ యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ అన్నీ అంతే. నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా ఘోరం. హోమ్ స్క్రీన్‌ని నడిపే స్ప్రింగ్‌బోర్డ్ అనే ప్రోగ్రామే దాన్ని గీయబోయి కూలిపోయేది. లేచి చూస్తే ఎదురుగా అదే నోటిఫికేషన్. మళ్లీ కూలడం. దయగల స్నేహితుడెవరైనా అదే చాట్‌లో ఇంకో మామూలు మెసేజ్ పంపితే, పైన కనపడే ప్రివ్యూ మారి, ఆ సందులో లోపలికి వెళ్లి పాత చాట్ డిలీట్ చేసుకోవడమే అప్పటికి దొరికిన నాటువైద్యం. ఆకతాయిలు ఊరుకుంటారా? ట్విట్టర్‌లో తమ పేర్లలోనే ఆ అక్షరం పెట్టుకుని తిరిగారు.

ప్రపంచమంతా ఒకటే హెడ్డింగు: ఐఫోన్‌ని చంపే తెలుగు అక్షరం. మనవాళ్లు కొందరు కాలరెగరేశారు కూడా, ‘మన భాష పవర్ అది’ అని. ఒక్క ప్రశ్న మాత్రం ఎక్కువమంది అడగలేదు. ఐఫోన్ వాడే తెలుగువాళ్లు అంతకుముందు ‘జ్ఞాపకాలు’ అని మెసేజ్ పెట్టుకోలేదా? పెట్టుకున్నారు. ఏమీ కాలేదు. ఎందుకంటే పడగొట్టింది జ్ఞా కాదు, జ్ఞా కడుపులో దాక్కున్న కంటికి కనపడని ఇంకోటి.

ఫోన్‌కి మన ‘జ్ఞా’ ఒక అక్షరం కాదు. నాలుగు కోడ్లు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. వరసగా ఇలా వస్తాయి, వాటిని చూసి ఫోన్ బొమ్మ గీయాలి. మన లిపిలో గమ్మత్తు ఏంటంటే, ఆఖరున వచ్చిన దీర్ఘం ఆఖరున ఉండదు. ఎగిరి వెనక్కి వెళ్లి పైనున్న జ తలకి తగులుకుంటుంది. మధ్యలో వచ్చిన ఞ వత్తయిపోయి కిందికి దిగుతుంది. ఇంగ్లిష్‌లో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే చాలు. ఇక్కడ పైకీ కిందికీ వెనక్కీ సర్దాలి. ఈ సర్దుడు పని ఐఫోన్‌లో కోర్‌టెక్స్ట్ అనే భాగం చూస్తుంది. ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూస్తుంది.

ఇప్పుడు ఆ కనపడనిది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, కంటికి కనపడదు, పని మాత్రం చేస్తుంది. తెలుగులో టైప్ చేసే వాళ్లకి ఇది రోజువారీ నేస్తమే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తు పడకుండా ఆపేది అదే. ఈ కాలమ్‌లో ‘అప్‌డేట్’ అన్న ప్రతిచోటా అది ఉంది, మీకు కనపడలేదంతే. అయితే దాని అసలు చోటు పొల్లు తర్వాత. ఐఫోన్లని కూల్చిన ఆ జ్ఞాలో మాత్రం అది ఞ కి, దీర్ఘానికి మధ్య ఇరుక్కుని ఉంది. అక్కడ దానికి పనే లేదు. ఏ తెలుగు కీబోర్డు మీదా మామూలుగా టైప్ చేస్తే అక్కడికి రాదు. దీర్ఘం వెనక్కి ఎగరబోతుంటే మధ్యలో ఈ అదృశ్య వ్యక్తి అడ్డొచ్చాడు. కోర్‌టెక్స్ట్ సర్దుడు తప్పింది.

ఆ వారంలోనే లిపుల సంగతి తెలిసిన ఇంజినీర్లు కూర్చుని ఇంకా తవ్వారు. జ్ఞా ఒక్కటే కాదు, ఏదో ఒక హల్లు, దానికో వత్తు, ఆ అదృశ్య అక్షరం, తర్వాత ఒక గుణింతపు గుర్తు... ఈ వరస కుదిరితే వేరే తెలుగు అక్షరాలతో కూడా కూలుతోంది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని కూర్పులతో కూలుతోంది. విచిత్రంగా ఐత్వం పెడితే కూలడం లేదు, ఎందుకంటే దాని గుర్తు రెండు ముక్కలుగా గీస్తారు. అంటే దోషి తెలుగు కానే కాదు. దొరికిన మొదటి ఉదాహరణ తెలుగుది, అంతే. కానీ పేరు మనకి అంటుకుపోయింది.

సరే, యాప్ మూసుకుపోయింది. చిరాకే కానీ ప్రమాదమేముంది అంటారా? ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసింది (ఆ రోజు అమెరికాలో సెలవు, ఇంకో రెండు రోజుల్లో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, కాకతాళీయమే అనుకోండి). మామూలు జనానికి చూపించే నోట్‌లో ‘కొన్ని అక్షరాల వరసల వల్ల యాప్‌లు కూలే సమస్య సరిచేశాం’ అని రాశారు. సెక్యూరిటీ పేజీలో మాత్రం అదే సంగతి వేరే భాషలో ఉంది. సీవీఈ-2018-4124 అని నంబరిచ్చి, దురుద్దేశంతో తయారుచేసిన టెక్స్ట్ వల్ల ‘హీప్ కరప్షన్’ జరగొచ్చని ఒప్పుకున్నారు. ఇక్కడ కాస్త ఆగాలి.

పెళ్లి భోజనాల బంతి ఊహించుకోండి. ఒక వరసలో 40 విస్తళ్లు వేశారు. వడ్డించేవాడికి ఆ లెక్క తెలియదు, 41వ లడ్డూ కూడా వేసేశాడు. అది పక్క వరసలోని వాళ్ల విస్తరిలో పడింది. ఫోన్ మెమరీలో జరిగేదీ అదే. ఒక పనికి ఇచ్చిన చోటు దాటి రాసేస్తే, పక్కనున్న ఇంకో పని తాలూకు సమాచారం చెరిగిపోతుంది. ఎక్కువసార్లు ఫోన్ గందరగోళపడి యాప్‌ని మూసేస్తుంది, అదే మనకి కనపడే క్రాష్. కానీ ఆ 41వ లడ్డూ ఎవరి విస్తరిలో పడాలో, లడ్డూలో ఏముండాలో నిర్ణయించగలిగేంత తెలివైనవాడు దొరికితే? అప్పుడది క్రాష్ కాదు, ఫోన్‌లోకి దారి. జ్ఞా విషయంలో వ్యవహారం అంతదాకా వెళ్లలేదు. అన్నిసార్లూ అలా ఉండదు.

2021 సెప్టెంబరు 13న ఐఓఎస్ 14.8 వచ్చింది. నోట్‌లో మొత్తం విషయం ఇంతే: ముఖ్యమైన సెక్యూరిటీ అప్‌డేట్లు, అందరూ వేసుకోండి. అసలు కథ టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ చెప్పింది. పెగసస్ నిఘా సాఫ్ట్‌వేర్ ఐమెసేజ్ ద్వారా ఫోన్లలోకి దూరుతోంది. జిఫ్ బొమ్మ అని పేరు పెట్టుకుని వచ్చిన ఫైలు నిజానికి పీడీఎఫ్. దాన్ని ఫోన్ గీయబోయినప్పుడు, ఇలాగే గీత దాటి పక్క మెమరీలో రాయించి, లోపలికి వచ్చారు. వాడినవాళ్లు దేన్నీ నొక్కలేదు, తెరవలేదు. మెసేజ్ రావడమే చాలు. జ్ఞా ఎపిసోడ్‌తో పోల్చి చూడండి. మెసేజ్ వస్తుంది, ఫోన్ దాన్ని గీయబోతుంది, తప్పుతుంది. దారి దాదాపు అదే, నడిచినవాడు వేరు.

జ్ఞా కథలో నన్ను ఇప్పటికీ గుచ్చే ముల్లు ఇంకోటుంది. ఆ గోల జరుగుతున్నప్పటికే 11.3 బీటా వెర్షన్‌లో ఆ లోపం లేదు. అంటే మందు అప్పటికే తయారై అల్మారాలో ఉంది. మామూలుగా అయితే 11.3తో పాటు మార్చి చివరికి అందేది. నాలుగైదు రోజుల్లో విడిగా పంపడానికి కారణం, ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష చదవని వాళ్ల ఫోన్లు కూడా కూలడం. ఇదే బగ్ కేవలం తెలుగు టైప్ చేసేవాళ్లని, ఏ అనకాపల్లిలోనో నిజామాబాద్‌లోనో ఇబ్బంది పెట్టుంటే సెలవురోజున అప్‌డేట్ వచ్చేదా? నాకైతే నమ్మకం లేదు. ఇందులో కుట్రేమీ లేదు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల బగ్ ముందు కదులుతుంది, ఏ టీమ్‌లోనైనా ఇదే సంగతి. నేను పనిచేసిన చోటే పేరు రాసే గడిని పరీక్షించడానికి అందరూ ‘టెస్ట్ 123’ అని ఇంగ్లిష్‌లో కొట్టేవాళ్లు. ఓసారి నేను ‘లక్ష్మి’ అని తెలుగులో కొడితే రసీదులో ‘క్ష’ కింద సగం తెగిపోయి వచ్చింది. బగ్ రాసి పెట్టాను. ప్రాధాన్యం దగ్గర ‘తక్కువ’ అని పెట్టారు. ఆ గదిలో తెలుగువాళ్లం నలుగురం ఉన్నాం!

పోనీ మన లిపి మీదే పగ అనుకోవడానికీ లేదు. 2015లో అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజ్ నోటిఫికేషన్‌గా వస్తే ఐఫోన్లు రీస్టార్ట్ అయ్యాయి, ఐఓఎస్ 8.4లో సర్దారు. 2020 ఏప్రిల్‌లో ఇటలీ జెండా ఎమోజీ, సింధీ అక్షరాలు కలిపి పంపితే కూలాయి, 13.5లో సర్దారు. ఇంగ్లిష్ అక్షరాలంత సులువుగా పేర్చలేని ప్రతి లిపీ ఎప్పుడో ఒకప్పుడు ఈ బోనులో నిలబడాల్సి వస్తోంది.

ఆ ఏడాది ముగింపు మాత్రం బాగుంది. ఈ బగ్గుల పరంపర చూసి, ఆపిల్ కొన్ని కొత్త ఫీచర్లు వాయిదా వేసుకుని నాణ్యత మీద పడుతోందని జనవరి చివర్లోనే వార్తలొచ్చాయి. జూన్‌లో ఐఓఎస్ 12 చూపించినప్పుడు అది నిజమేనని తేలింది. ఐఓఎస్ 11 నడిచిన ప్రతి ఫోన్‌కీ ఇచ్చారు, 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌తో సహా. ఐఫోన్ 6 ప్లస్ మీద యాప్‌లు 40 శాతం దాకా, కీబోర్డు 50 శాతం దాకా, కెమెరా 70 శాతం దాకా వేగంగా తెరుచుకుంటాయని లెక్క చెప్పారు. వేలు తగలగానే ప్రాసెసర్‌ని ఒక్కసారిగా పైకి లేపి, పని అవగానే అంతే వేగంగా కిందికి దించడం అందులో ఒక కిటుకు. స్టేజీ మీద పాత ఫోన్‌ని వేగంగా చేశామని చెప్పుకోవడం అరుదు. నాకు ఆపిల్ మీద పెద్ద ప్రేమేమీ లేదు కానీ, ఆ ఒక్క రిలీజుకి మాత్రం చప్పట్లు కొడతాను.

ఆండ్రాయిడ్ వాళ్లు ఇప్పటిదాకా నవ్వుకుంటూ చదివుంటే, 2020 మే నెలాఖరు గుర్తుచేస్తా. అమెరికాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో ఒక సరస్సు, వెనక సూర్యాస్తమయం. చాలా అందమైన ఫొటో. దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకుంటే ఆండ్రాయిడ్ 10 ఉన్న ఫోన్లు చాలా చచ్చినంత పనయ్యాయి. ఆన్ అవుతాయి, ఆఫ్ అవుతాయి, మళ్లీ ఆన్. ఆ ఫొటోలోని రంగుల పద్ధతి మామూలు ఫోన్లు వాడేది కాదు. ఎంత వెలుతురుందో లెక్కేయడానికి ఫోన్ దగ్గర 0 నుంచి 255 దాకా 256 గళ్లున్నాయి. ఒక చుక్క వెలుతురు లెక్కిస్తే 255 దాటింది. గడి లేదు. సిస్టమ్ కూలింది. మళ్లీ మన 41వ లడ్డూయే. కాకపోతే ఇక్కడ లడ్డూ పక్క విస్తరిలో పడకముందే వడ్డన ఆపేశారు, కాబట్టి చిరాకే తప్ప చొరబాటు లేదు. ఆండ్రాయిడ్ 11లో ఈ లోపం లేదు.

ఆండ్రాయిడ్‌కి అసలు కనువిప్పు 2015 జులైలో కలిగింది. స్టేజ్‌ఫ్రైట్ అని, వీడియోలు చదివే లైబ్రరీలో లోపాలు. ఫోన్ నంబరు తెలిస్తే చాలు, ఒక ఎంఎంఎస్ పంపి లోపలికి రావచ్చు. దాదాపు 95 కోట్ల ఫోన్లకి ముప్పుందని కనిపెట్టిన సంస్థ అంచనా వేసింది. ఆ ఆగస్టు నుంచే గూగుల్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు మొదలుపెట్టింది. కానీ ఐఫోన్‌కీ మనకీ తేడా ఏంటంటే, అక్కడ మందు తయారుచేసేవాడే ఇంటికొచ్చి ఇస్తాడు. ఇక్కడ గూగుల్ తయారుచేస్తే చిప్ కంపెనీ చూడాలి, తర్వాత ఫోన్ కంపెనీ తన డిజైన్‌కి తగ్గట్టు సర్దాలి, పరీక్షించాలి, అప్పుడు మీ దాకా రావాలి. ఖరీదైన మోడళ్లకి ఇప్పుడు ఏడేళ్ల దాకా అప్‌డేట్లు ఇస్తామంటున్నారు, పిక్సెల్ 8తో గూగుల్, ఎస్24తో శాంసంగ్ ఆ మాట ఇచ్చాయి. పన్నెండు వేల ఫోన్‌కి అంత భాగ్యం ఉండదు.

మన ఇళ్లలో ఫోన్లకి వారసత్వం ఉంటుంది. కొత్తది మనకి, మనది తమ్ముడికి, తమ్ముడిది అమ్మకి. అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన ఫోన్ చివరికి చేరేది ఓటీపీలు, యూపీఐ, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ ఉండే చేతికే. ఆ చేయి ప్రతి గుడ్ మార్నింగ్ వీడియోనీ తెరుస్తుంది కూడా. అందుకని ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆ ఫోన్ అడిగి తీసుకోండి. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’, అందులో ‘ఆండ్రాయిడ్ వెర్షన్’ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ కనపడుతుంది. కొన్ని ఫోన్లలో ఇది ‘సెక్యూరిటీ’ అనే విభాగంలో ఉంటుంది. వెర్షన్ నంబరు చూసి మురిసిపోకండి, ఈ తేదీ చూడండి. చివర 1వ తేదీ ఉంటే ఆ నెలలో ఆండ్రాయిడ్‌కి సంబంధించిన ఫిక్సులు వచ్చాయని. 5వ తేదీ ఉంటే వాటితో పాటు కెర్నల్, చిప్ కంపెనీల ఫిక్సులు కూడా ఉన్నాయని. ఏడాది దాటిన తేదీ కనపడితే, బ్యాంకు యాప్‌ని ఆ ఫోన్‌లోంచి తీసేసి అప్‌డేట్లు వస్తున్న ఇంకో ఫోన్‌లోకి మార్చే సంగతి ఆలోచించండి.

అదే పేజీలో ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ అని ఇంకోటుంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి వీడియోలు చదివే భాగం లాంటివాటిని ఫోన్ కంపెనీ కోసం ఆగకుండా గూగుల్ నేరుగా దీని ద్వారా పంపుతోంది. స్టేజ్‌ఫ్రైట్ దూరిన కిటికీ లాంటి కిటికీలకి తలుపు ఇక్కడి నుంచే వస్తుందన్నమాట. చాలా ఫోన్లలో దాన్ని ఎవరూ నొక్కి ఉండరు. నొక్కండి. డౌన్‌లోడ్ అయ్యాక ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి, చేసేదాకా అది లోపల ఉన్నా పనిలోకి రాదు.